మెల్ డెనియర్: తాతదా, మనవడిదా? అమ్మేవాళ్ళు తలో పేరు చెప్తున్నారు

పాతపైసా
యూరప్‌లో ఒక ఆన్‌లైన్ షాపులో ఫ్రాంకుల రాజు షార్లమేన్ పేరుతో ఒక డెనియర్ (చిన్న వెండి నాణెం) కనబడితే ఆగలేక అడ్వాన్స్ కట్టేశాను. టంకశాల పశ్చిమ ఫ్రాన్స్‌లోని మెల్, తూకం 1.62 గ్రాములు, అడ్డం 20 మిల్లీమీటర్లు. బొమ్మ వైపు చుక్కల వలయంలో శిలువ, చుట్టూ లాటిన్‌లో "కార్లుస్ రెక్స్ ఎఫ్‌ఆర్". అంటే ఫ్రాంకుల రాజు చార్లెస్. బొరుసు వైపు నడుమ మోనోగ్రామ్ (పేరులోని అక్షరాలు అల్లిన గుర్తు), చుట్టూ "మెటుల్లో", అంటే మెల్. ఇంతవరకు బాగానే ఉంది. నిన్న ఇంకో వేలం కేటలాగ్ తిరగేస్తుంటే అచ్చు గుద్దినట్టు ఇదే నాణెం. అవే అక్షరాలు, అదే శిలువ. పేరు మాత్రం చార్లెస్ ద బాల్డ్ (బట్టతల చార్లెస్), ధర నాలుగో వంతు! షాపువాళ్ళకి రాస్తే "మా నిపుణులు పరిశీలించారు" అని ఒక్క లైను పంపించి ఊరుకున్నారు. మిగతా డబ్బు కట్టాలా వద్దా అని టెన్షన్‌గా ఉంది. ఎవరు చెప్పేది నిజం?

టెక్కలి_టంకం
బట్టతల రాజుది పావు ధర అంటే, మిగతా ముప్పావు జుట్టు ఖరీదన్నమాట.

గోదారి_గవ్వ
జుట్టు లెక్క తర్వాత చూద్దాం. ఇద్దరూ చూపిస్తున్నది ఒకే రకం నాణెం. షార్లమేన్ 768 నుంచి 814 దాకా ఏలాడు. 793-94లో నాణేలు మార్చి ఈ శిలువ, మోనోగ్రామ్ రకం తెచ్చాడు. ఆయన మనవడు చార్లెస్ 840లో గద్దెనెక్కి 877 దాకా ఉన్నాడు. మెల్‌లో మళ్ళీ ఇదే డిజైన్ కొట్టించాడు. లాటిన్‌లో తాతా మనవళ్ళ పేరు ఒక్కటే, ఇద్దరూ ఫ్రాంకుల రాజులే. నాణెం మీద సంవత్సరం వేసే అలవాటు వాళ్ళకి లేదు. ఒట్టి రాత చూసి తేల్చాలంటే కష్టం.

ఓల్డ్‌సిటీ_సిక్కా
అంత కష్టమేం కాదేమో గవ్వ గారూ. షార్లమేన్ 800లో క్రిస్మస్ రోజున రోములో చక్రవర్తి అయ్యాడు. దీని మీద ఉన్నది "రెక్స్", అంటే ఉత్త రాజు. కాబట్టి షార్లమేన్‌దైతే 794-800 మధ్యదే అవ్వాలి. ఆరేళ్ళ నాణేలు ఎన్ని మిగులుతాయి?

గోదారి_గవ్వ
కిరీటం పెట్టుకున్న మర్నాడే అచ్చులు మార్చలేదండీ. 812 ప్రాంతం దాకా నాణేల మీద "రెక్స్" అనే కొట్టారు. ఆ తర్వాతే రోమన్ చక్రవర్తుల్లాగా తల మీద ఆకుల దండ, భుజాన అంగీతో ఆయన ముఖం వేసిన నాణేలు వచ్చాయి. వాటి మీద "కరోలుస్ ఇంప్ ఆగ్", అంటే చక్రవర్తి చార్లెస్ అని ఉంటుంది. 814 జనవరిలో పోయాడు కాబట్టి అవి కొట్టింది కొద్దికాలమే. ప్రపంచం మొత్తం మీద ఇప్పుడు తెలిసినవి కొన్ని పదులే.

డిజైన్_పిచ్చోడు
ఆ ముఖం నాణెం ఒకటి బెర్లిన్ బోడె మ్యూజియంలో ఉంది. మీసం ఉంటుంది, గడ్డం ఉండదు. బొమ్మల్లో, పుస్తకాల్లో కనబడే తెల్లగడ్డం షార్లమేన్ అంతా తర్వాతివాళ్ళ కల్పన.

లంకెబిందె
అసలు ప్రశ్నకి వస్తే, నేలలోంచి బయటపడ్డ నిధులు చూస్తేనే దారి దొరుకుతుంది. ఈ తాతా మనవళ్ళ మధ్యన లూయీ ద పయస్ ఉన్నాడు. షార్లమేన్‌కి కొడుకు, చార్లెస్‌కి తండ్రి. ఆయన 818 ప్రాంతంలో ఒకసారి, 822-23లో మరోసారి పాత నాణేలు వెనక్కి తీసుకుని కొత్తవి కొట్టించాడు. ఉత్తర్వు ఇచ్చి ఊరుకోలేదు, పాతవి నిజంగానే కొలిమిలోకి వెళ్ళాయి. ఆ తర్వాత పాతిపెట్టిన కుండల్లో షార్లమేన్ నాణేలు ఒకటీ అరా తప్ప దొరకవు. మరి 840 తర్వాత పాతిన కుండలో మెల్ మోనోగ్రామ్ నాణేలు గుప్పెళ్ళకొద్దీ ఉంటే, వాటిని తాత ఖాతాలో ఎలా రాస్తాం? అవి మనవడివే.

ఇంకా ముందుకెళ్దాం. ఇంగ్లండ్ లాంకషైర్‌లో క్యూర్‌డేల్ దగ్గర 1840లో ఒక వైకింగ్ నిధి దొరికింది. పాతిపెట్టింది 905-910 మధ్యలో. అందులో ఫ్రాంకుల నాణేలు వెయ్యి దాకా ఉన్నాయి, వాటిలో మెల్‌వి దండిగా ఉన్నాయి. అంటే మనవడు పోయాక కూడా మెల్‌లో అదే డిజైన్ నడిచింది. ఈ రకం నాణెం చేతికొస్తే అది షార్లమేన్‌ది కాకపోవడానికే అవకాశం ఎక్కువ. ఆధారం చూపించకుండా "షార్లమేన్" అని రాశారంటే ధర కోసమే రాశారు.

ఓల్డ్‌సిటీ_సిక్కా
బిందె అన్నా, ఆ లాజిక్ నిధిలో దొరికిన నాణేనికి పనికొస్తుంది. ప్రసాద్... సారీ, పాతపైసా గారి నాణెం ఎక్కడ దొరికిందో ఎవరికీ తెలీదు. ఒంటరిగా కవర్లో వచ్చిన నాణేనికి నిధి జాతకం ఎలా చెప్తాం? షాపువాడు "కాదని నిరూపించండి" అంటే మన దగ్గర జవాబు లేదు.

లంకెబిందె
జవాబు ఉంది. కాలం తెలిసిన నిధుల్లోని నాణేల పక్కన పెట్టి అక్షరాల చెక్కుడు, శిలువ కొసలు, మోనోగ్రామ్ కొలతలు పోల్చాలి. అదే అచ్చుతో కొట్టింది దొరికితే ఇంకేం కావాలి. అయినా నిరూపించాల్సింది నాలుగింతలు అడిగేవాడు కదా, కొనేవాడు ఎందుకు నిరూపించాలి?

ఓల్డ్‌సిటీ_సిక్కా
ఆ చివరి మాటకి మాత్రం ఓటేస్తా. పోలిక పద్ధతి మీద నాకు అంత నమ్మకం లేదు. ఒకే టంకశాలలో ఒకే ఏడాది ఇద్దరు చెక్కినా తేడా వస్తుంది.

పాతపైసా
నాకు అర్థం కానిది ఇంకోటి. కొత్తగా రాజైనవాడు తన గుర్తు వేసుకోవాలనుకుంటాడు కదా. ఉన్న డిజైన్‌నే ఎందుకు పట్టుకు వేలాడారు?

ఓల్డ్‌సిటీ_సిక్కా
మన ఆర్కాటు రూపాయి చూడండి. ఈస్టిండియా కంపెనీ మద్రాసులో కొట్టినా మీద ఆర్కాటు పేరు, మొగల్ పాదుషా రెండో ఆలంగీర్ పేరు, 1172 హిజ్రీ, ఆరో పాలనా సంవత్సరం. ఆలంగీర్ 1759లోనే హతమయ్యాడు. ఆ తర్వాత దశాబ్దాలపాటు అదే తేదీతో కొట్టారు. ఎందుకంటే షరాబు చెయ్యి ఆ రూపాయికి అలవాటు పడింది. కొత్త ముఖం చూపిస్తే వట్టం కోస్తాడు, అంటే విలువ తగ్గించి ఇస్తాడు. మా హైదరాబాద్ సిక్కా మీద కూడా 1857 గొడవలు అయ్యేదాకా ఢిల్లీ పాదుషా పేరే. ఆ తర్వాతే నిజాం ఆసఫ్ జా పేరు, ముహమ్మద్ పేరుకి గుర్తైన 92 అంకె వచ్చాయి.

గోదారి_గవ్వ
మెల్ విషయంలోనూ అంతే. అక్కడ రాజుల పట్టు సడలిపోయి ఆ ప్రాంతం (పొయితూ) పాలించే కౌంట్‌ల చేతికి టంకశాల వచ్చాక కూడా "కార్లుస్ రెక్స్" అనే రాత పోలేదు. 12వ శతాబ్దంలో రిచర్డ్ ద లయన్‌హార్ట్ వచ్చి తన పేరుతో పొయితూ డెనియర్ కొట్టించుకున్నాడు. అప్పటికి ఆ వెండి నాసి, అక్షరాలు వంకర. తాత పేరు మాత్రం మూడొందల ఏళ్ళు లాగింది.

టెక్కలి_టంకం
మా ఊళ్ళో పట్టాదారు పాస్‌బుక్కులో ముత్తాత పేరు ఉన్నట్టే.

డిజైన్_పిచ్చోడు
మోనోగ్రామ్ గురించి ఎవరూ మాట్లాడట్లేదు, నాకు బాధగా ఉంది. లోగోలు గీసి బతికేవాణ్ణి, ఇంత పొదుపుగా గీసిన లోగో నేను చూడలేదు. శిలువ నాలుగు కొసలకీ నాలుగు హల్లులు: ఎడమ కె, పైన ఆర్, కింద ఎల్, కుడి వైపు ఎస్. నడుమ చిన్న వజ్రం ఆకారం. ఆ వజ్రం మొత్తం చూస్తే ఓ, పై సగం ఏ, కింది సగం వి. ఆ కాలపు లాటిన్‌లో యు అన్నా వి అన్నా ఒకటే. ఎడమ, నడుమ, పైన, నడుమ, కింద, నడుమ, కుడి... ఇలా చదివితే "కరోలుస్". ఏడు అక్షరాలు, ఒక శిలువ, గోరంత జాగా.

దీన్ని శాసన పత్రాల మీద సంతకంగా కూడా వాడారు. బొమ్మంతా రాయసగాడు గీస్తే, నడుమ వజ్రంలో ఒక చిన్న గీత రాజు గీసేవాడు. ఆయన కొలువులోనే ఉన్న ఐన్‌హార్డ్ రాసినదాని ప్రకారం, షార్లమేన్ పెద్దవయసులో రాత నేర్చుకోవాలని దిండు కింద పలకలు పెట్టుకునేవాడు, నిద్రపట్టనప్పుడు దిద్దేవాడు, పెద్దగా రాలేదు.

టెక్కలి_టంకం
రాత రాకపోయినా పేరు మాత్రం యూరప్ అంతా అచ్చేయించాడు. వేలిముద్ర వేసేవాళ్ళని ఇంక ఎవరూ ఎగతాళి చెయ్యకండి.

ఫ్రాంక్‌ఫర్ట్_ఫణి
మా ఊరి పేరు వచ్చే చోటు ఇది. 794లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో చర్చి సభ పెట్టారు. మతం గొడవల మధ్యలో నాణేల అంశం కూడా పెట్టి, కొత్త డెనియర్లు ప్రతి చోటా, ప్రతి ఊళ్ళో, ప్రతి సంతలో తీసుకోవాలని తీర్మానం చేశారు. వెండి స్వచ్ఛంగా ఉండి, తూకం సరిపోయి, రాజు పేరు ఉంటే కాదనకూడదు. కాదన్న స్వేచ్ఛాపరుడికి 15 సాలిడస్‌ల జరిమానా. దాసుడైతే చేతిలో సరుకు పోతుంది, దెబ్బలు కూడా. ఆ సభ నాటి కట్టడం ఏదీ కనబడదు గానీ, డోమ్ (పెద్ద చర్చి) పక్కన లూయీ కాలపు రాజభవనం పునాదులు ఇప్పటికీ చూడొచ్చు.

సంతలో_సుబ్బులు
15 సాలిడస్‌లు అంటే ఎంత? కూరగాయల్లో చెప్పండి.

ఫ్రాంక్‌ఫర్ట్_ఫణి
12 డెనియర్లు ఒక సాలిడస్, 20 సాలిడస్‌లు ఒక పౌను వెండి. అంటే పౌనుకి 240 డెనియర్లు. బ్రిటన్‌వాళ్ళు 1971 దాకా షిల్లింగు, పెన్నీ లెక్క ఇదే నడిపారు. 15 సాలిడస్‌లు అంటే 180 డెనియర్లు. కూరగాయల రేట్లు దొరకవు, రొట్టెల రేట్లు ఆ సభే ఖాయం చేసింది: ఒక డెనియర్‌కి రెండేసి పౌన్ల గోధుమ రొట్టెలు 12, రై రొట్టెలైతే 15, బార్లీ 20, ఓట్స్ 25.

సంతలో_సుబ్బులు
ఒక్క నాణేనికి 12 పెద్ద రొట్టెలా! అప్పుడు ఒక్క రొట్టె కావాలంటే ఏం ఇస్తారు? చిల్లర?

గోదారి_గవ్వ
మంచి ప్రశ్న. సగం విలువకి ఓబోల్ అని చిన్న నాణెం ఉండేది. దానికన్నా చిన్నది లేదు. కొత్త పౌను 408 గ్రాములనుకుంటే డెనియర్‌కి దాదాపు పది కిలోల గోధుమ రొట్టె. పల్లెలో మామూలు మనిషి రోజూ వెండి పట్టుకుని తిరగలేదు. అద్దె, పన్ను, సంతలో మేక, ఏడాదికోసారి ఉప్పు, ఇలాంటి వాటికే వెండి. మిగతాదంతా అరువు, ధాన్యం, చాకిరీ.

నెల్లూరు_నెత్తురు
408 గ్రాములా? రోమన్ పౌను 327 కదా. ఎవరు పెంచారు?

లంకెబిందె
షార్లమేనే. ఆయన తండ్రి పెపిన్ 755 ప్రాంతంలో ఒక పౌను వెండికి 22 సాలిడస్‌లే కొట్టాలన్నాడు, అందులో ఒకటి కొట్టినవాడికి కూలి. 22 పన్నెండ్లు 264. 327ని 264తో భాగిస్తే డెనియర్ 1.24 గ్రాములు. షార్లమేన్ మొదట్లో 1.3 దాకా కొట్టించాడు, 793-94లో ఒక్కసారి 1.7కి పెంచాడు. పౌనుకి 240 చొప్పున వేస్తే 408 వస్తుంది. ఎందుకు పెంచాడన్న దాని మీద వాదనలు చాలా ఉన్నాయి. అరబ్బుల వెండి నాణెం దిర్హంతో లంకె పెట్టేవాళ్ళున్నారు, గింజల తూకం మారిందనేవాళ్ళున్నారు. నాకైతే కొత్త పౌను, కొత్త నాణెం ఒకేసారి దింపి లెక్క తన చేతిలో పెట్టుకున్నాడనిపిస్తుంది.

గని_గోపి
మెల్ అనగానే ఆగాను. గుంటూరు దగ్గర అగ్నిగుండాల సీసం గనుల్లో పనిచేసినవాణ్ణి, గెలీనా రాయి (సీసం ముడిఖనిజం) అంటే అరచేతి గీతల్లాగా తెలుసు. నల్లగా మెరుస్తూ, సుత్తితో తడితే చదరపు పలుకులుగా విడిపోతుంది, సైజుకి మించిన బరువు. మెల్‌లోనూ అదే రాయి. పశ్చిమ ఫ్రాన్స్‌లో ఉంది, ఆ పాత సొరంగాల్లోకి ఇప్పుడు టికెట్టు కొనుక్కుని వెళ్ళొచ్చు. రాయి ముందు కట్టెలు పేర్చి మంట పెట్టేవాళ్ళు, సెగకి సున్నపురాయి బీటలిస్తే గునపంతో రాల్చేవాళ్ళు. పొగలో ఎట్లా బతికారో గానీ! రాయి కరిగిస్తే వచ్చేది సీసం, అందులో వెండి రవ్వంత. ఆ సీసాన్ని బూడిద మూసలో పెట్టి గాలి ఊదుతూ కాలిస్తే సీసం పొట్టులాగా విడిపోయి మూసలోకి ఇంకిపోతుంది. అడుగున వెండి బొట్టు మిగులుతుంది. ఆల్ప్స్ మీద కోలె న్యిఫెట్టి మంచు పొరల్లో 660 ప్రాంతంలో సీసం ఎక్కువ పడిందని తేలింది, దాన్ని మెల్ పొగతో ముడిపెట్టారు. ఫ్రాంకులు బంగారం నాణేలు వదిలి వెండికి మారిందీ అప్పుడే, ఆ శతాబ్దం 670ల్లో.

డిజైన్_పిచ్చోడు
గోపి గారి పోస్టు సేవ్ చేసుకున్నా. 670ల నాటి ఆ మొదటి వెండి నాణేలు చూస్తే ఇంకా నవ్వొస్తుంది. సగం గోరంత, మందంగా ఉంటాయి. ఒక్కో టంకశాల ఇష్టమొచ్చిన బొమ్మ వేసింది: పిట్ట, తల, శిలువ, బిషప్ పేరు. ఎబ్రోయిన్ అనే మంత్రి పేరుతో కూడా ఒకటి ఉంది, రాజు పేరు లేదు. పెపిన్ వచ్చి పలకని పలచన చేసి, వెడల్పు పెంచి, "ఆర్‌పీ" (రెక్స్ పెపిన్) అని రెండక్షరాలు గుద్దాడు. అక్కడ మొదలైంది క్రమశిక్షణ.

ఓల్డ్‌సిటీ_సిక్కా
క్రమశిక్షణ షార్లమేన్ మొదటి ఇరవై ఏళ్ళలో కూడా లేదులే. ఒకవైపు "కార్లుస్", ఇంకోవైపు "రొడ్లాన్" ఉన్న నాణేలున్నాయి. ఆ రొడ్లాన్ కథల్లో షార్లమేన్ వీరుడిగా వచ్చే రోలాండేనా అని ఇంకా కొట్టుకుంటున్నారు. నార్బోన్‌లో "మిలో" పేరు ఒక్కటే వేసుకున్నాడు ఒకడు.

పాతపైసా
ఇప్పుడే షాపువాళ్ళకి లెటర్ పంపా. మెల్ మోనోగ్రామ్ రకం షార్లమేన్‌ది అని చెప్పడానికి ఆధారం ఏమిటి, ఇంతకుముందు ఏ వేలంలో అమ్ముడైంది, ఏ నిధిలో దొరికింది, ఈ మూడూ రాతపూర్వకంగా చెప్పమన్నా. చెప్పకపోతే అడ్వాన్స్ వెనక్కి.

లంకెబిందె
దాంతోపాటు అంచు ఫొటో కూడా అడగండి. పోత పోసిన నకిలీ అయితే అంచు చుట్టూ సన్నటి అతుకు గీత కనబడుతుంది, లేదంటే అరగదీసిన గీతలు. అక్షరాల మూలల్లో చిన్న బుడగలుంటే వదిలేయండి. సుత్తితో కొట్టిన అక్షరాలకి గోడలు నిటారుగా ఉంటాయి, పోత అక్షరాలు సబ్బులాగా మెత్తగా ఉంటాయి. 1.62 తూకం మాత్రం ఇద్దరికీ సరిపోతుంది, దాన్నిబట్టి పేరు తేలదు.

నెల్లూరు_నెత్తురు
నాకు ఓడ బొమ్మ నాణేల మీద మోజు. లూయీ నాణేల్లో డోరెస్టాడ్, క్వెంటోవిక్ రేవులకి ఓడ వేశారు, మెల్‌కి నాణెం కొట్టే సుత్తి, అచ్చులు వేశారు. ఏ ఊరికి ఏది పొట్టపోసుకునే పనో అదే బొమ్మ! మన శాతవాహనుల రెండు తెరచాప కొయ్యల ఓడ దానికన్నా ఆరేడు వందల ఏళ్ళు ముందుది. పక్కపక్కన పెట్టి చూడండి, మనది సీసం, వాళ్ళది వెండి.

గోదారి_గవ్వ
ముందుది కదా అని అక్కణ్ణుంచి ఇక్కడికి కలపకండి. వాళ్ళ ఓడకి వేరే మూలాలున్నాయి. ఆ రేవుల్లో సుంకం వసూలయ్యేది, అదే ఆ బొమ్మకి కారణం.

నెల్లూరు_నెత్తురు
కలపలేదు మేడమ్, మురిశాను.

సంతలో_సుబ్బులు
గుడి బొమ్మ ఉన్న డెనియర్ ఒకటి చూశాను, నాలుగు స్తంభాలు, నడుమ శిలువ. అది ఏ చర్చి?

గోదారి_గవ్వ
"క్రిస్తియానా రెలిజియో" (క్రైస్తవ మతం) అని చుట్టూ ఉంటుంది. ముందు షార్లమేన్ ముఖం నాణేల వెనక వచ్చింది, 822-23 నుంచి లూయీ రాజ్యమంతా అదే కొట్టించాడు, ఊరి పేరు కూడా తీసేశాడు. రోములో సెయింట్ పీటర్ అని, జెరూసలేం సమాధి అని చెప్పేవాళ్ళున్నారు. రోమన్ నాణేల మీది గుడిని తీసుకుని శిలువ గుచ్చారంతే అని నా అభిప్రాయం.

డిజైన్_పిచ్చోడు
ఒప్పుకోను. రోమన్ గుడిలో విగ్రహం ఉండే చోట శిలువ పెట్టారంటే అది కాపీ కాదు, సవాలు.

గోదారి_గవ్వ
సవాలైనా స్తంభాలు వాళ్ళవే.

ఓల్డ్‌సిటీ_సిక్కా
ఆ గుడి సంగతేమో గానీ, హెడెబీ రేవులో డేన్‌లు (డెన్మార్క్ వాళ్ళు) డోరెస్టాడ్ నాణెం కాపీ కొట్టినవి చూడండి. "కరోలుస్", "డోరెస్టాట్" అక్షరాలు రానురాను గీతలు, చుక్కలు అయిపోయాయి. గుజరాత్, మాళవ వైపు గధైయా నాణేల్లో ఇరాన్ సాసానియన్ రాజు ముఖం ఇలాగే చుక్కలైపోయింది.

నెల్లూరు_నెత్తురు
వైకింగులకి అక్షరాలతో పనేముంది, తూకం చాలు. 845లో పారిస్ వదిలి వెళ్ళడానికి మన బట్టతల చార్లెస్ దగ్గర 7000 పౌన్ల వెండి పట్టుకుపోయారు. పౌనుకి 240 చొప్పున 16,80,000 డెనియర్ల విలువ.

లంకెబిందె
అందుకే 864లో ఫ్రాన్స్‌లోని పీత్ర్ దగ్గర కొత్త ఉత్తర్వు ఇచ్చాడనే వాదన ఉంది. రాజభవనం కాకుండా తొమ్మిది ఊళ్ళలోనే టంకశాలలు ఉండాలి, ఒక వైపు మోనోగ్రామ్, ఇంకో వైపు ఊరి పేరు, నడుమ శిలువ. కొట్టేవాళ్ళకి పెట్టుబడిగా రాజు ఖజానా నుంచి ఐదేసి పౌన్ల వెండి. మార్టిన్ పండగ (నవంబర్ 11) నుంచి పాతవి చెల్లవు. తీరా చూస్తే కొత్త రకం "గ్రాషియా డేయి రెక్స్" (దేవుడి దయతో రాజు) నాణేలు వందకు పైగా ఊళ్ళ పేర్లతో దొరికాయి.

టెక్కలి_టంకం
తొమ్మిదికి పర్మిషన్, వందకి షట్టర్లు.

పాతపైసా
షాపు నుంచి జవాబొచ్చింది. పేజీలో ఇప్పుడు "షార్లమేన్ లేదా చార్లెస్ ద బాల్డ్" అని మార్చారు, ధర మాత్రం అలాగే ఉంచారు. అడ్వాన్స్ వెనక్కి అడిగేశా.

లంకెబిందె
మంచి పని. మెల్ రకమే కావాలంటే ఓబోల్ చూడండి, అది కూడా మోనోగ్రామ్‌తోనే వస్తుంది, ధర తక్కువ. దొరికిన నిధి పేరు రాసి ఉన్నదైతేనే కొనండి.